మా ఊరి ఆరో కోటేశ్వరమ్మ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో వీధి మధ్య నిలబడి "కోటేశ్వరమ్మా!" అని ఒక్క కేక పెడితే ఐదు గుమ్మాల్లోంచి ఐదు తలకాయలు బయటికొచ్చేవి. ఆ ఐదింట్లోకీ చిన్న తలకాయ, అన్నిటికంటే ముందు బయటికొచ్చే తలకాయ నాది. తొమ్మిదేళ్ళ పిల్లను వీధిలో నిలబడి పేరుపెట్టి పిలిచేంత పని ఎవరికీ ఉండదని తెలిసినా సరే, వచ్చేదాన్ని. పిలిచినవాళ్ళు నా వంక చూసి, "నువ్వు కాదులే" అనేవాళ్ళు. నా బాల్యంలో నేను ఎక్కువసార్లు విన్న మాట అదేననుకుంటాను.

కోటప్పకొండ మాకు పెద్ద దూరం కాదు. పిల్లలు పుట్టకపోయినా, పుట్టి నిలవకపోయినా మా వైపు వాళ్ళు ముందు ఆ కొండకేసి తిరిగి దణ్ణం పెట్టుకుంటారు. మొక్కు ఫలించి పుట్టిన బిడ్డకు స్వామి పేరు పెడతారు. మగపిల్లాడైతే కోటేశ్వరరావు, ఆడపిల్లయితే కోటేశ్వరమ్మ. స్వామి దయగలవాడు కనక అడిగినవాళ్ళకల్లా ఇస్తూ పోయాడు. ఊళ్ళో మేము పెరుగుతూ పోయాం. కోటికొకరున్నా చాలే ఆ పేరుతో అనుకునేదాన్ని నేను. ఐదొందల గడప లేని ఊళ్ళో ఐదుగురం ఉన్నాం మరి.

పేరు ఒకటే అయింది కాబట్టి ఊరు మమ్మల్ని పనిని బట్టి గుర్తుపట్టేది. పురుళ్ళు పోసే ఆవిడ మంత్రసాని కోటేశ్వరమ్మ. మిరప కోతలకు ముప్పైమంది ఆడవాళ్ళను వెంటేసుకుని పొలాలకు పోయే ఆవిడ ముఠా కోటేశ్వరమ్మ. రవికలు కుట్టే ఆవిడ మిషను కోటేశ్వరమ్మ. బడిలో మాకు చదువు చెప్పే ఆవిడ పంతులమ్మ కోటేశ్వరమ్మ. నాకు ఏ పనీ లేదు గనక నన్ను "పోస్టు తాతగారి మనవరాలు" అనేవాళ్ళు. ఇంట్లోనూ నా పేరు ఎవరి నోటా వినపడేది కాదు. అది మా నాయనమ్మ పేరు. ఆవిడ నేను పుట్టకముందే పోయింది. కోడలు అత్తగారి పేరు పలకకూడదు కాబట్టి మా అమ్మ నన్ను "అమ్మడూ" అనేది. భార్య పేరు పెట్టి పిలిచే అలవాటు మా తాతయ్యకు ఆవిడ ఉన్నప్పుడే లేదు, పోయాక ఎక్కణ్ణుంచి వస్తుంది? "ఏమే" అనేవాడు. అంత పెద్ద పేరు పెట్టుకుని, పాపం, దాన్ని ఒక్కరోజు కూడా సరిగ్గా వాడుకోలేదు నేను.

మా తాతయ్య ఊరి పోస్టుమాస్టరు. పోస్టాఫీసు అంటే మా ఇంటి వసారానే. ఒక చెక్కబల్ల, ముద్ర, ఇంకు దిండు, గోడకు వేలాడే ఎర్ర డబ్బా. తన చేతిలోకి వచ్చిన ఉత్తరం ఒక్కటి కూడా "చిరునామాదారు లేరు" అని తిరిగి పోలేదని ఆయనకు మహా గర్వం. "ఊళ్ళో మనిషిని పోల్చుకోలేని పోస్టుమాస్టరు ఎందుకు, ముద్రకు కాళ్ళొస్తే సరిపోదూ?" అనేవాడు.

ఆ ఏడు మిరప కోతల రోజుల్లో, రాకూడని వాన ఒకటి వచ్చింది. కళ్ళాల్లో ఆరబోసిన కాయంతా ఎర్రగా పరుచుకుని ఉంది. ఊరు ఊరంతా పట్టాలు, గోనెలు, చివరికి దుప్పట్లు కూడా పట్టుకుని కళ్ళాలకేసి పరిగెత్తింది. కోతల కోసం మా బడికి సెలవులిచ్చారు కాబట్టి నేనూ ఒక చింకి చాప పట్టుకుని పరిగెత్తాను. నేను కప్పినచోట కాయ ఎక్కువ తడిసిందని తర్వాత తెలిసింది. అదే వానలో సత్తెనపల్లి నుంచి సైకిలు మీద టపా సంచి కూడా వచ్చింది, తడిసి ముద్దయి.

తాతయ్య ఉత్తరాలన్నీ బల్ల మీద ఒక్కొక్కటిగా పరిచి ఆరబెట్టాడు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క కార్డు తప్ప. దాని చిరునామాలో ఇంటిపేరు నీలంగా కరిగిపోయి చెరువులా ఉంది. ఆ చెరువు పక్కన గట్టు మీద నిలబడ్డట్టు "కోటేశ్వరమ్మకు" అన్న ముక్క, కింద మా ఊరి పేరు మిగిలాయి. వెనక రాసిన నాలుగు వరుసలూ ఉన్నాయి గానీ సంతకం లేదు. మీద సత్తెనపల్లి ముద్ర ఒక్కటే ఆనవాలు.

కార్డయినా సరే పరాయివాళ్ళది చదవకూడదని తాతయ్య నియమం. ఆ రోజు తప్పలేదు. తడికి పాలిపోయిన ఆ రాత కళ్ళజోడు పెట్టుకున్నా ఆయనకు ఆనక నా చేత చదివించాడు. నేను కూడబలుక్కుంటూ, మా అమ్మా, మా పెద్దమ్మా గుమ్మంలో నిలబడి వింటుండగా చదివాను.

"నువ్వు అడిగిన పని ఖాళీ అయింది. సోమవారం పొద్దున్నే వస్తే నీకే ఇప్పిస్తాను. తర్వాత నా చేతిలో ఉండదు. నువ్వు చెయ్యగలవు. భయపడకు."

నేనూ కోటేశ్వరమ్మనే గనక ముందు అది నాకే వచ్చిందనుకున్నాను. నేను ఎవరినీ ఏ పనీ అడగలేదన్న సంగతి కాసేపటికి గాని గుర్తురాలేదు. ఇంట్లో చెప్పిన పనే ఎగ్గొట్టే మనిషిని మరి.

ఆ రోజు గురువారం. తాతయ్య చాలాసేపు ఆ కార్డును తిప్పి తిప్పి చూశాడు. "ఇది ఎవరిదో వాళ్ళకు సోమవారం లోపు అందకపోతే వాళ్ళ పొట్ట మీద కొట్టినవాణ్ణవుతాను" అన్నాడు. ఆయన వెళ్ళి అడిగితే ఆడవాళ్ళు తల దించుకుని "ఏమోనండీ" అంటారు తప్ప మనసులో ఉన్నది చెప్పరు. అందుకని నన్ను పంపాడు. పంపుతూ ఒక మాట చెప్పాడు. "ముందే కార్డు చూపించకు. నీకెవరి దగ్గర్నుంచి ఉత్తరం రావాలి అని అడుగు. అది చెప్పాకే చూపించు."

మరునాడు పొద్దున్నే బయల్దేరాను. ఊళ్ళో నా పేరుగల వాళ్ళందరి ఇళ్ళకూ పోయి వాళ్ళ సంగతులన్నీ అడగొచ్చు, పైగా అది ప్రభుత్వం పని. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మంత్రసాని కోటేశ్వరమ్మ అప్పుడే ఎక్కడో పురుడు పోసి వచ్చి, కాళ్ళు బారజాపి అరుగు మీద కూర్చుని ఉంది. నేను ప్రశ్న అడిగేలోపలే, "ఏందే, నువ్వు పుట్టినప్పుడు కూడా ఇట్టాగే ఆలోచించుకుంటా ఆలస్యంగా వచ్చావు, నా నడుం పడిపోయింది" అంది. ఉత్తరం ఎవరి దగ్గర్నుంచి రావాలని అడిగాను. నవ్వింది. "నాకు ఉత్తరం రాసేదెవరు? నొప్పులొస్తే మనిషొస్తాడు, పరిగెత్తుకుంటా. పని అడిగావా అంటావు. నేను పనినెప్పుడు అడిగానే? పనే వచ్చి నా తలుపు బాదుద్ది." చేతులు చూపించింది. వేలి కణుపులు ఉబ్బి ఉన్నాయి. ఊళ్ళో సగం మందిని ఈ లోకంలో మొదట ముట్టుకున్న చేతులు అవేనని ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

ముఠా కోటేశ్వరమ్మ కళ్ళంలో ఉంది. వానకు తడిసిన కాయను మళ్ళీ ఎండకు నెరుపుతున్నారు. ముప్పైమంది ఆడవాళ్ళు వరసలో కూర్చుని రంగు పోయి తెల్లబడిన తాలుకాయలు ఏరుతున్నారు. ఆవిడ వాళ్ళ వెనక నడుస్తూ, ఎవరి గుట్టలో తాలుకాయ కనపడితే వాళ్ళ నెత్తిన మొట్టికాయ వేస్తోంది. ఘాటుకు నేను పదిసార్లు తుమ్మాక గాని నా ప్రశ్న బయటికి రాలేదు. ఆవిడ తనకు ఉత్తరాలు రాసేవాళ్ళెవరూ లేరంటూనే కార్డు చదివించుకుని విని, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నాది కాదు పో."

"ఎట్టా తెలుసు?"

"నేను పని అడిగితే ముప్పైమందికి అడుగుతా. 'నువ్వు రా' అని రాశారు, 'మీరంతా రండి' అని రాయలేదుగా! నన్నొక్కదాన్ని రమ్మనేవాడు ఈ జిల్లాలో లేడు." అని, వరస వంక తిరిగి, "ఏమంటారే?" అంది. ముప్పైమందీ గొల్లున నవ్వారు. నాకు ఆవిడంటే భయం పోయి గౌరవం వచ్చింది. నా పేరుతో ఇంత పెద్ద గొంతు కూడా ఉండొచ్చన్నమాట అనుకున్నాను.

శనివారం పొద్దున మిషను కోటేశ్వరమ్మ ఇంటికి పోయాను. ఆవిడ పాతికేళ్ళ మనిషి, చాలా నెమ్మది. ఎవరి దగ్గర్నుంచి రావాలని అడగ్గానే ఆవిడ పాదం తొక్కుడు పలక మీద ఆగిపోయింది. సత్తెనపల్లిలో ఒక బట్టల షావుకారు వరసగా మిషన్లు పెట్టించి కుట్టిస్తాడట. దసరాకు బట్టలు కొనడానికి పోయినప్పుడు అడిగి వచ్చిందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. చెప్పి నా చెయ్యి పట్టుకుంది. ఇక ఇదేలే అనుకుని కార్డు చేతికిచ్చాను.

ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. లోపలికి పోయి అత్తగారు ఎక్కడుందో చూసి వచ్చి మళ్ళీ చదివింది. కార్డును గుండెకు ఆనించుకుని, మూలన మడతపెట్టిన బట్టల వంక, తన పెట్టె వంక చూసింది. నేను వెళ్ళడానికి లేచాను. అప్పుడు కార్డు నా చేతికి తిరిగి ఇచ్చేసింది.

"ఆయన రాసింది కాదమ్మా ఇది. 'భయపడకు' అని రాశారు. నేను భయపడతానని ఆయనకేం తెలుసు?"

"మరి తీసేసుకోవచ్చు కదక్కా? ఇంకెవరూ మాదనలేదు" అన్నాను. చిన్నపిల్లను, తేలిగ్గా అనేశాను.

"ఇదెవరికి రాశారో, ఆమె కూడా నాలాగే ఎవరికీ చెప్పకుండా అడిగుంటది" అంది. పాదం మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది గానీ సూది కింద గుడ్డ పెట్టడం మరిచిపోయింది.

అక్కణ్ణుంచి పంతులమ్మ కోటేశ్వరమ్మ దగ్గరికి పోయాను. ఆవిడకు ఉద్యోగం ఉంది కాబట్టి కార్డు ఆవిడది కాదని నాకు ముందే తెలుసు. కానీ లెక్కల్లో నేను ఎక్కడ ఆగిపోయినా ఆవిడ దగ్గరికే పోవడం అలవాటు. ఆవిడ కార్డును వెలుగుకు పట్టి చూసింది. ఏం రాశారన్నది కాకుండా ఎలా రాశారన్నది చూసింది.

"ఏమే నా పేరు దానా, ఈ రాత చూడు. ప్రతి అక్షరం సున్నా చుట్టి మొదలుపెట్టినట్టుంది కదూ? ఇది సత్తెనపల్లి వైపు క్రైస్తవ మిషనరీల బడిలో చదివిన ఆడపిల్లల రాత. అక్కడ పలక నిండా సున్నాలు దిద్దించి గాని 'అ' రాయనిచ్చేవాళ్ళు కాదు. మన ఊళ్ళో చర్చి పక్కన బైబిలమ్మ రాత అచ్చం ఇదే. ఆమెను అడుగు." అని, చివర్న, "నీ రాత కూడా కాస్త అలా ఉంటే బాగుండేది" అని కూడా అంది. అది అనకపోతే ఆవిడ పంతులమ్మ ఎలా అవుతుంది?

బైబిలమ్మ అంటే మార్తమ్మ గారు. చర్చి పేటలో ఇంటింటికీ పోయి వాక్యం చదివి వినిపించేది, రోగాలొస్తే ప్రార్థన చేసేది. మా వీధి పిల్లలు ఆ పేటకు పోవడం ఆ రోజుల్లో చాలా తక్కువ. పోస్టు పని కాబట్టి నన్నెవరూ ఆపలేదు. నేను పోయేసరికి ఆవిడ ఆదివారం ఆరాధన కోసం చర్చి చాపలు దులుపుతోంది. కార్డు చూడగానే, "ఇది నాతో చదివిన పిల్ల రాతే. ఇప్పుడదే బడిలో పెద్ద టీచరు" అంది.

"కోటేశ్వరమ్మ ఎవరో తెలుసాండీ మీకు?"

"నేనూ కోటేశ్వరమ్మనే, తెలుసా?" అని నవ్వింది. "బడిలో నేను పెద్ద కోటేశ్వరమ్మను. బాప్తిస్మం తీసుకున్నప్పుడు మార్తమ్మనయ్యాను. నాకంటే చిన్న తరగతిలో చిన్న కోటేశ్వరమ్మ ఉండేది. సూది పట్టుకుంటే ఆమెకు సాటి లేదు." అంటూ వంగి నా పావడా అంచు పట్టుకుంది. దాని మీద ఆకుపచ్చ దారంతో కుట్టిన చిలకలు వరసగా ఉన్నాయి. "ఈ చిలకలు నీకెవరు కుట్టారే?"

"మా పెద్దమ్మ."

"ఆమే."

నాకు అర్థం కాలేదు. "మా పెద్దమ్మ పేరు పార్వతండీ" అన్నాను.

మార్తమ్మ గారు చాప కింద పెట్టి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. మా పెద్దమ్మ, అంటే మా నాన్న అన్నగారి భార్య, పెళ్ళై మా ఇంటికి వచ్చేనాటికి మా నాయనమ్మ బతికే ఉంది. అత్తగారి పేరూ కోడలి పేరూ ఒకటే అయింది. ఒక ఇంట్లో అత్త పేరుతో కోడలిని పిలవకూడదు కదా, అందుకని గడప దాటి లోపలికి అడుగుపెట్టిన రోజే పార్వతి అని పేరు మార్చారు. మూడేళ్ళకు మా పెదనాన్న పాము కరిచి పోయాడు. పిల్లల్లేరు, పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. తర్వాత మా నాయనమ్మా పోయింది. కానీ తీసుకున్న పేరు తిరిగి ఇచ్చేయాలని ఎవరికీ గుర్తురాలేదు. పైగా ఆ పేరు నాకు పెట్టేశారు.

"నా పేరు నేను మార్చుకున్నాను" అంది మార్తమ్మ గారు. "ఆమెది మార్చారు."

అప్పుడు గుర్తొచ్చింది. గురువారం నేను కార్డు చదివిన రోజున మా ఇంట్లో కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. పెద్దమ్మ చేతిలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. ఊరంతా తిరిగాను గాని వంటింట్లోకి తొంగిచూడలేదు నేను. తనదని ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగితే, మార్తమ్మ గారు, "తనదంటే, ఎందుకు అడిగావు, ఇక్కడ నీకేం తక్కువ అని అడుగుతారు. దానికి ఏం చెప్పుద్ది?" అంది.

తిరిగి వస్తుంటే ముందు గర్వంగా ఉంది, నేను కనిపెట్టానని. సగం దారిలో ఆ గర్వం కాస్తా బెంగ అయింది. కార్డు ఇస్తే పెద్దమ్మ సోమవారం వెళ్ళిపోతుంది. నాకు రెండు జడలు వేసేది ఆవిడ. జ్వరం వస్తే మిరియాల చారు కాచేది ఆవిడ. నేను చెప్పే అబద్ధాలన్నీ నమ్మినట్టు నటించేది ఇంట్లో ఆవిడ ఒక్కతే. ఇల్లు చేరేసరికి కార్డు నా వాచకం మధ్య పేజీల్లో ఉంది. తాతయ్య అడిగితే, "ఇంకా తేలలేదు తాతయ్యా" అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. ఇక తిరిగి పంపక తప్పదేమోనని తనలో తాను అనుకున్నాడు. నేను అన్నం తినకుండా, నాకు బాగా ఆకలిగా ఉన్నా, పోయి పడుకున్నాను. చేసిన పాపానికి అంతకంటే పెద్ద శిక్ష నాకు నేను వేసుకోలేకపోయాను.

ఆదివారం పొద్దున పెద్దమ్మ నన్ను పెరట్లో ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. అవతల పేటలో చర్చి గంట కొడుతున్నారు. ఆవిడ ఏదో మామూలు మాట అన్నట్టు అడిగింది.

"ఆ కార్డు ఎవరిదో తేలిందా అమ్మడూ?"

"లేదు పెద్దమ్మా."

దువ్వెన ఆగింది. ఎంతసేపో కాదు. ఒక చిక్కు తగిలితే ఆగేంత సేపు. నా జుట్టులో అక్కడ చిక్కేమీ లేదని నాకు తెలుసు. తర్వాత దువ్వెన మళ్ళీ కదిలింది, ఎప్పటికంటే మెత్తగా. "పోనీలే. తిరిగి పంపించేస్తారేమో" అంది. ఆ మాటలో కోపం లేదు, ఏడుపు లేదు. అలవాటు ఉంది. అది నేను తట్టుకోలేకపోయాను. ఒక జడ వేసి, రెండోది ఇంకా వేయకుండానే లేచి, వసారాలోకి పరిగెత్తాను. వాచకంలోంచి కార్డు తీసి తాతయ్య ముందు పెట్టి, అంతా చెప్పేశాను. దాచానన్నది కూడా చెప్పాను.

నన్ను కొడతాడనుకున్నాను. ఆయన నా వంక చూడను కూడా లేదు. కార్డు మీద కరిగిపోయిన ఇంటిపేరు వంక చూస్తూ ఉండిపోయాడు. అది మా ఇంటిపేరే.

"ఆ పేరు మార్చమన్నది నేనేనే" అన్నాడు చివరికి. "ఒక ఇంట్లో ఇద్దరు కోటేశ్వరమ్మలెందుకని. అప్పుడది పెద్ద విషయంగా అనిపించలేదు." పదిహేనేళ్ళుగా రోజుకు మూడుసార్లు ఆవిడ చేతి అన్నం తిన్న మనిషి ఆయన. ఊళ్ళో ఏ పేరు ఏ గుమ్మంలో ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి.

ఆదివారం బట్వాడా లేదు. ఆ నియమం ఆయన ఎవరి కోసమూ తప్పగా నేను చూడలేదు. ఆ రోజు లేచి, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు మాత్రమే వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని, కళ్ళజోడు పెట్టుకున్నాడు. కార్డు మీద ముద్ర వేశాడు. వీధి గుమ్మంలోంచి బయటికి దిగి, ఇంటి చుట్టూ తిరిగి, పెరటి వైపున్న వంటింటి గుమ్మం ముందుకు పోయి నిలబడ్డాడు. లోపలికి ఒక్క అడుగు వేస్తే చాలు, అది ఆయన ఇల్లే. వేయలేదు. ప్రతి గుమ్మం ముందు పిలిచినట్టే గొంతెత్తి పిలిచాడు.

"కోటేశ్వరమ్మ గారూ! పోస్టు!"

లోపల గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడైంది. ఎవరూ రాలేదు. నాకు అలవాటు ప్రకారం కాళ్ళు ముందుకు కదలబోయాయి. ఆపుకున్నాను. ఆయన మళ్ళీ పిలవలేదు. ఎండలో నిలబడి వేచి ఉన్నాడు. కాసేపటికి పెద్దమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. మామగారు ఎదురుగా ఉంటే కొంగు తల మీదికి లాక్కునే మనిషి, ఆ క్షణం లాక్కోవడం మరిచిపోయింది. తాతయ్య కార్డు రెండు చేతులతో ఇచ్చాడు. ఆవిడ తీసుకుంది. చదవలేదు. గురువారం ఒక్కసారి వినగానే ఆ నాలుగు వరుసలూ ఆవిడకు వచ్చేశాయనుకుంటాను.

"ఆలస్యమైంది" అన్నాడు తాతయ్య. కార్డు గురించేనా అన్నాడో, ఇంకా దేని గురించైనా అన్నాడో అప్పుడు నాకు తెలియలేదు. "రేపు బస్సు ఏడింటికమ్మా. పెట్టె నేను మోయిస్తాను."

పెద్దమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఎంతసేపు ఏడ్చిందో తెలియదు. తర్వాత నన్ను పిలిచి, నా రెండో జడ వేసింది.

ఆవిడ సోమవారం వెళ్ళింది. ఆ బడిలో ఆడపిల్లలకు కుట్లూ అల్లికలూ నేర్పింది. నేను పెద్ద చదువుకు సత్తెనపల్లి పోయినప్పుడు ఆవిడ గదిలోనే ఉన్నాను. అక్కడి పిల్లలు "కోటేశ్వరమ్మ టీచర్" అని పిలుస్తుంటే, నేను ప్రతిసారీ తల తిప్పి చూసేదాన్ని. ఆవిడ నవ్వి, "నువ్వు కాదులే" అనేది. నా జీవితంలో ఆ మాట విని నేను సంతోషించింది అక్కడే.

తర్వాత నాకూ ఒక పని దొరికింది. మండలాఫీసులో గుమాస్తాగా చేరి, ఓటర్ల జాబితాలూ కార్డులూ రాస్తూ ముప్పై ఏళ్ళు గడిపాను. ఇప్పుడు రిటైరై, డెబ్బైకి దగ్గరపడ్డాను. అయినా మా వీధి వాళ్ళ ఫారాలు నేనే నింపుతాను. ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటారు. పేరు చెప్పమంటే, ఫలానా వాళ్ళ కోడలినని చెబుతారు, ఫలానా వాళ్ళ అమ్మనని చెబుతారు, వాళ్ళ ఆయన పేరు చెబుతారు. నేను రాయను. "అది కాదమ్మా, మీ పేరు" అంటాను. కొందరు సిగ్గుపడతారు. కొందరు పక్కనెవరైనా ఉన్నారేమోనని చూసుకుంటారు. మొన్న ఒకావిడ, ఎనభై ఏళ్ళుంటాయి, తన పేరు గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది. వెంట వచ్చిన మనవడు విసుక్కుని చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. నాకేమీ తొందర లేదు. కలం పట్టుకుని, ఆవిడే వచ్చి చెప్పేదాకా, గుమ్మం బయట నిలబడ్డట్టు కూర్చున్నాను.